మీ అన్న కోటు విప్పిన రోజు

చిరంజీవి చిన్నతల్లికి,
అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. 'అందరం' అని రాసేటప్పుడు చెయ్యి ఇంకా ఒక్క క్షణం ఆగుతుంది. అయినా ఈసారి కొట్టెయ్యకుండా రాశాను. మీ నాన్న మోకాలు కాస్త నయం. మెట్లెక్కేటప్పుడు మూలగడం మాత్రం మానలేదు. అది నొప్పికి కాదులే, నేను వినాలని.

జవాబు నెల దాకా ఆలస్యం చేశానని నీకు కోపం వచ్చే ఉంటుంది. ఎందుకో చెబుతాను. లాయరమ్మలా మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా చదువు. మీ అన్న నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

నేను పనిచేసే కుట్టు షాపులో ఎలా ఉందని అడిగావు. మిషనుకు కొత్త బెల్టు వేశారు. మాస్టరు మారలేదు. "అక్కా, నువ్వు ఒక ప్యాంటు సరిచేసేలోపు నేను పెళ్లి చేసుకుని పిల్లల్ని కూడా కనొచ్చు" అన్నాడు. "ఆ పెళ్లి ప్యాంటు కూడా నేనే సరిచెయ్యాలి కదా నాయనా" అన్నాను. మీ అన్న పోయాక నేను ఎదురు జవాబు చెప్పడం అదే మొదటిసారట. సంబరపడి అందరికీ టీ తెప్పించాడు.

ఇక అసలు సంగతి. అంతర్జాతీయ సంబంధాల చదువుకి రెండు కాలేజీల్లో సీటు వచ్చిందని రాశావు. పేరున్నదానికి ఫీజు నేను ఆరేళ్లు కుడితే వచ్చేంత. చిన్నదానికి అందులో మూడో వంతు. "ఇంత పోసి చదివితే ఉద్యోగం వస్తుందా అమ్మా? లేక ఈ ఆసుపత్రి బిల్లుల కౌంటర్‌లోనే ఉండిపోనా?" అన్నావు.

నేను చదివింది ఐదో తరగతి. కానీ అడగడం చేతనవును. ఏటా అదే కోటు తెచ్చి వదులు చేయించుకునే పెద్దావిడ ఉంది కదా, మేం కోటు మేడమ్ అంటాం. ఆవిడ రాయబార కార్యాలయంలో పనిచేసి రిటైరైందని ఈమధ్యే తెలిసింది. కొలత తీసుకుంటూ అడిగేశాను. "మీ అమ్మాయికి ఆ చదువే ఎందుకమ్మా?" అంది. మీ అన్న ఓడ మీద పనిచేస్తూ ప్రాణం పోగొట్టుకున్న సంగతి చెప్పాను. ఆ ముద్ర లేదు, ఈ కాగితం రాలేదు అంటూ రెండు దేశాల ఆఫీసులు వాణ్ణి నలభై ఒక్క రోజులు పరాయి రేవులో ఉంచేస్తే, నువ్వొక్కదానివే ఉత్తరాలు రాసి ఇంటికి తెచ్చావని చెప్పాను.

మర్నాడు ఆ ఉత్తరాల నకళ్లున్న నీ ఫైలు పట్టుకెళ్లాను. ఆవిడ నిలబడే మొత్తం చదివింది.

"ఇవి రాసేనాటికి పిల్లకి ఎన్నేళ్లు?"

"పంతొమ్మిది."

"జీతం తీసుకుని ఈ పని చేసేవాళ్లు కూడా ఇంత బాగా రాయరు."

"మెచ్చుకోలు సరే మేడమ్. ఆ చదువు కూడు పెడుతుందా, అది చెప్పండి."

పకపకా నవ్వింది. "పెడుతుంది, కానీ వెంటనే కాదు. నాతో చదివిన పద్ధెనిమిది మందిలో రాయబార కార్యాలయాలకు చేరింది ముగ్గురం. కొందరు పత్రికల్లో, ఓడల కంపెనీల్లో, సహాయ సంస్థల్లో కుదురుకున్నారు. ఒకాయన పరుపులు అమ్ముతాడు, మా అందరికంటే హాయిగా ఉన్నాడు. పోయినేడు పాసైనవాళ్లు ఇప్పుడెక్కడున్నారో రెండు కాలేజీలనీ అడగమనండి. ఇంకో భాష వచ్చి తీరాలి. అది లేకపోతే చేరొద్దనండి."

నేను బట్ట కొనేముందు తిరగేసి, కుట్టు లోపల గుడ్డ వదిలారో లేదో చూస్తాను. వదిలితే రేపు ఒళ్లు మారినా పనికొస్తుంది. నువ్వు పంపిన రెండు కాలేజీల వివరాల పుస్తకాలూ అలాగే తిరగేశాను. పెద్ద కాలేజీది నిండా భవనాల ఫొటోలే, చదివినవాళ్లు ఏమయ్యారో ఒక్క ముక్క లేదు. చిన్నది భాష నేర్పుతుంది, ఆరు నెలలు ఓడ పనివాళ్ల సహాయ కేంద్రంలో పని చేయిస్తుంది. దాన్లో లోపల గుడ్డ ఉంది తల్లీ. అందులోనే చేరు.

డబ్బు ఎక్కడిది అంటావు. ఇక్కడే నీకు ఒక తప్పు ఒప్పుకోవాలి.

మీ అన్న ఓడ కంపెనీ ఇవ్వాల్సిన నష్టపరిహారం డబ్బు ఇంకా రాలేదని నీకు మూడు ఉత్తరాల్లో రాశాను. అబద్ధం. చెక్కు ఎప్పుడో వచ్చింది. మీ నాన్నకి కూడా చెప్పలేదు. వాడి నల్ల కోటు లైనింగు విప్పి, లోపల పెట్టి కుట్టేశాను. వాడి ప్రాణానికి కట్టిన ధర వాడి ఒంటినే అంటిపెట్టుకుని ఉండనీ అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. డబ్బు లేదంటే నువ్వా చదువు మాట మరిచిపోతావని, సముద్రం దాటి వెళ్లవని ఆశపడ్డాను. ఒకణ్ణి పోగొట్టుకున్నదాన్ని, నిన్ను దాచుకోవాలని చూశాను.

నీ ఫైలు తీసుకుని ఇంటికొచ్చిన రోజే కోటు విప్పి బ్యాంకుకి పరిగెత్తాను. కౌంటర్‌లో అమ్మాయి చెక్కు అటూ ఇటూ తిప్పి, "దీని తేదీ దాటిపోయిందమ్మా, చెల్లదు" అంది. అక్కడే బల్ల మీద కూలబడ్డాను. వాడి డబ్బూ పోయింది, నీ చదువూ పోయింది, రెండూ నా సూదితోనే.

ఆ సాయంత్రం మీ నాన్నకు అంతా చెప్పేశాను. అరుస్తారనుకున్నాను. లేచి ఆ కోటు తెచ్చి ఒళ్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత, "నేనూ రోజూ ఆ కోటు తీసి చూసుకుంటున్నానే. లోపల కాగితం చప్పుడైంది. వాడు నీకు రాసిన ఉత్తరమేమో, నేను చూడకూడదేమో అని ఊరుకున్నా" అన్నారు. వాడు పోయాక మేమిద్దరం ఒకచోట కూర్చుని ఏడవడం అదే మొదటిసారి.

మర్నాడు నీ ఫైలు ముందు పెట్టుకున్నాను. డబ్బు గురించి కంపెనీకి నువ్వు రాసిన ఆఖరి ఉత్తరం, అందులోని కేసు నంబర్లతో సహా, చూసి రాశాను. నేను సొంతంగా రాసింది ఒక్క వాక్యమే: "చెక్కు దాచింది నేను, తప్పు నాది, కొత్తది పంపండి." నువ్వు కింద 'ఇట్లు, అతని చెల్లెలు' అని రాసిన చోట 'ఇట్లు, అతని అమ్మ' అని రాశాను. పాత చెక్కు కూడా పెట్టి పంపాను.

పంతొమ్మిదో రోజున కొత్త చెక్కు వచ్చింది. నిన్న ఖాతాలో పడింది. చిన్న కాలేజీకి, హాస్టలుకి సరిపోతుంది. నువ్వు ఫీజు కట్టే గడువుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి, కనుక కంగారు పడకు. నిన్న మధ్యాహ్నం అన్నం తిని, గోడకి ఆనుకుని, ఎంతో కాలానికి కమ్మగా నిద్రపోయాను. మీ నాన్న లేపలేదు.

నువ్వు సముద్రం దాటితే దాటు. ఎక్కడో ఒక తల్లి నలభై ఒక్క రోజులు ఎదురుచూడకుండా, నాలుగు రోజులకే ఆమె బిడ్డ ఇల్లు చేరేలా చెయ్యి. కోటు లైనింగు మళ్లీ కుట్టేశాను. ఈసారి లోపల ఏమీ పెట్టలేదు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ