సోమన్నకు కుంటి గుర్రం

మియాపూర్,
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకు,

నీ చెల్లెలు సుభద్ర నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదినకు వేవిళ్ళు తగ్గాయా? పొద్దస్తమానం మందుల షాపులో నిలబడి ఊరందరికీ మందులిస్తావు కదా, నీ దగ్గుకు ఏమైనా పుచ్చుకుంటున్నావా, లేక ఎప్పటిలాగే అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని తిరుగుతున్నావా? నా గురించి బెంగ పడొద్దని అమ్మకు చెప్పు. వేళకు తింటున్నాను. నిజంగానే తింటున్నాను.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే కుండలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఊరు దాటితే ఎటు చూసినా బండలే. మన భీమవరంలో ఎటు వెళ్ళినా కాలవ అడ్డొస్తుందని విసుక్కునేదాన్ని, ఇప్పుడు కాలవ గట్టు కోసం మొహం వాచిపోయాను. కొత్తగూడ వైపు బండల మధ్య కాసిన సీతాఫలాలు మాత్రం అమృతం. మా ఇంటావిడ సత్తెమ్మగారు గంపలోంచి మాగినవి ఏరి నాకు పెడుతుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు అలవాటయ్యాయి. చేపల పులుసు మాట ఉత్తరంలో రాయకు, ఏడుపొస్తుంది.

ఫ్యాక్టరీ బస్సు బొంబాయి రోడ్డు మీద ఎక్కుతాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మను గంజి పెట్టిన పల్చటి గుడ్డ మీద సిరాతో దింపడం మా పని, దాన్నే ట్రేసింగ్ అంటారు. చెయ్యి వణికితే గీత వణుకుతుంది. అప్పుడు బ్లేడుతో గీకి మళ్ళీ గియ్యాలి. మాట్లాడితే చెయ్యి కదులుతుందని మా గదిలో ఎవరూ మాట్లాడరు. సాయంత్రం బస్సు దిగి సత్తెమ్మగారిని పలకరిస్తే నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. పాడైన గుడ్డలు మాకే ఇచ్చేస్తారు. ఉతికితే గంజి పోయి వెన్నలా మెత్తబడతాయి. పుట్టబోయే బిడ్డకు వాటితోనే చిన్న చొక్కాలు కుడుతున్నాను. వదినకు చదివేటప్పుడు ఈ ముక్క దాటెయ్యి, చొక్కా చేతులు సరిగ్గా కుదిరాక చెబుదువుగాని.

ఇక నీ ఉత్తరం సంగతి. శుక్రవారం అందింది. ఆత్రంగా రెండుసార్లు చదివాను, ఒక్క వెక్కిరింత కూడా లేదు. "నువ్వు మన ఇంటికి గర్వకారణం" అన్నావు. "ఉద్యోగస్తురాలివి, ఆరోగ్యం జాగ్రత్త" అన్నావు. ఆటపలక అటక ఎక్కించాననీ, ఇంకా ఆ పిల్లచేష్టలేమిటనీ రాశావు. ఎవరో పెద్దమనిషి ఎదురుగా కూర్చుని నాతో మర్యాదగా మాట్లాడినట్టుంది. నాకు చాలా కష్టం వేసింది అన్నయ్యా.

ఈ ఉత్తరం వదినకు చదివి వినిపిస్తావు కాబట్టి తనకోసం మన ఆట సంగతి రాస్తాను. వదినా, ఇది మేమిద్దరం చిన్నప్పుడు కల్పించుకున్న ఆట. మీ ఆయన మనిషి భీమన్న, నా మనిషి సోమన్న. ఇద్దరూ పాలేర్లుగా బయల్దేరతారు. గవ్వలు వేసుకుంటూ పలక చుట్టూ ఒక చుట్టు పూర్తిచేసినవాడు ఒక మెట్టు ఎక్కుతాడు. రౌతు, దళవాయి, మంత్రి, అలా. కానీ ఆ హోదా ఎవరికి వాళ్ళు ఇచ్చుకోకూడదు. ఎదుటివాళ్ళే లేచి నిలబడి, అది ఎలా వచ్చిందో కథ చెప్పి మరీ ఇవ్వాలి. ఇచ్చేది శత్రువు కదా, ఏదో ఒక వంక పెట్టకుండా ఇవ్వడు. సోమన్న రౌతు అయినరోజు మీ ఆయన అరగంట కథ చెప్పి, చివర్లో "గుర్రం మాత్రం కుంటిది" అన్నాడు. నేను అన్నం మానేసి ఏడ్చాను. భీమన్న దళవాయి అయినప్పుడు నేను ఊరుకుంటానా? యుద్ధంలో నగారా మోగితే నిద్రపోయే జబ్బు అంటగట్టాను. ఏళ్ళ తరబడి ఆ కుంటి గుర్రాన్నీ, ఆ నిద్రమొహాన్నీ వెంటేసుకునే ఆడాం.

అన్నయ్యా, నువ్వు పలక అటకెక్కించావని ఈ ఉదయం నాకు పంతం వచ్చింది. పాడైన గుడ్డ మీద సిరాతో పలక గీసి, సత్తెమ్మగారిని గవ్వలు అడిగి తీసుకుని, అరుగు మీద కూర్చుని నీ వంతూ నా వంతూ నేనే వేశాను. సోమన్న దళవాయి అయ్యాడు, ఇంకాసేపటికి మంత్రి కూడా అయ్యాడు. లేచి నిలబడి నేనే బిరుదులిచ్చాను. వీరాధివీరుడు, బుద్ధిలో బృహస్పతి, నోటికొచ్చినవన్నీ. ఒక్క వంక కూడా పెట్టలేదు. ఉప్పు లేని చారు తాగినట్టుంది. ఎన్నాళ్ళు కలగన్నాను సోమన్న మంత్రి కావాలని! తీరా అయితే, వాడెవడో నాకు తెలియనివాడిలా ఉన్నాడు.

సత్తెమ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏంది బిడ్డా, ఒక్కదానివే ఆడుతున్నవ్?"

"మా అన్నయ్య వంతు కూడా నేనే వేస్తున్నానండీ."

"గట్లయితే ఓడినోడు ఏడ్సుడెట్ల? ఎదుటోడు జర ఏడ్వకుంటె, గెలిస్తె ఏం మజా ఉన్నది?"

"ఏదో కాలక్షేపం అండీ."

"నీ అండీ గిండీ ఇడిశిపెట్టు. రొట్టె సల్లారిపోతున్నది, వచ్చి తిను."

తిన్నాను. తింటూ తింటూ ఏడ్చాను. ఆవిడ చూసి కూడా చూడనట్టు మరో రొట్టె వేసింది.

అసలు సంగతి ఇంతసేపూ దాచాను. బుధవారం నాకు ట్రైనీ నుంచి ట్రేసర్‌గా ఉద్యోగం ఖాయమైంది. మా గది పెద్దాయన నా పేరు చదివారు, గదిలో అందరూ చప్పట్లు కొట్టారు, చాయ్ గంట మోగితే అందరూ వెళ్ళిపోయారు. నేను స్టూలు మీదే కూర్చుండిపోయాను. కోవా కొని తెచ్చి సత్తెమ్మగారికి పెడితే "ఇగ ఫికర్ లేదు నీకు" అంది. మంచి మాటే. కానీ అందరూ మంచి మాటలే చెబుతుంటే, ఎక్కిన మెట్టు కాలికి తగలడం లేదు అన్నయ్యా.

శిక్షణ అవగానే వచ్చేస్తానని అమ్మతో అన్నాను, గుర్తుంది. ఉంటావో మానేస్తావో సోమవారం చెప్పమన్నారు. వచ్చెయ్యాలని చాలా ఉంది. కానీ ఈ పని నాకు వచ్చు. నా గీత వణకడం లేదు. అందుకని రేపు ఉంటాననే చెబుతున్నాను. అమ్మ బాధపడుతుంది, మెల్లగా నువ్వే చెప్పు. వదిన పురిటికి సెలవు పెట్టి తప్పకుండా వస్తాను.

ఇందాక ఆడిన ఆట చెరిపేశాను. సోమన్నను మళ్ళీ కుంటి గుర్రం ఎక్కించి, మనం ఆపిన చోటే నిలబెట్టాను. నువ్వూ పలక దింపు. ఉత్తరానికొక పందెం వేసుకుందాం. గవ్వలు వేసేటప్పుడు వదినను సాక్షిగా కూర్చోబెట్టు, నీ మీద నాకు నమ్మకం లేదు.

అమ్మ పాదాలకు నా తరఫున ఒక దణ్ణం పెట్టి, నా వంతు దీవెన అడిగి ఉంచు. వదినకు నమస్కారాలు. పక్కవాటా మామ్మగారిని అడిగానని చెప్పు.

ఒక్క కోరిక. ఆఫీసువాళ్ళు ట్రేసర్ అన్నారు సరే, మన ఆట ప్రకారం అది చెల్లదు. నువ్వు వదిన ముందు లేచి నిలబడి, కథ చెప్పి ఇవ్వాలి. ఆ కథ నాకు రాయి. గర్వకారణం అని మాత్రం రాయకు.

నా గుర్రానికి ఏ కాలు కుంటో రాయి.

నీ చెల్లెలు,
సుభద్ర