ప్లాస్టిక్ గదిలో తేనెపిట్ట

ఫిబ్రవరి 16, 1991. ధహ్రాన్, సౌదీ అరేబియా.

పొద్దున వెనక బట్టలు ఆరేస్తుంటే మందార కుండీ పక్కన కనిపించింది. ఎండుటాకు అనుకుని చీపురు తెచ్చాను. ఆకు కళ్ళు తెరిచింది! తేనెపిట్ట. ఆడది. నా బొటనవేలి కన్నా కాస్త పెద్దదేమో, అంతే. కాకినాడలో మందారాల మీద వాలే పిట్టే... ఇక్కడికెలా వచ్చిందో. రెక్క విరగలేదు. చలికో, ఆకలికో బాగా నీరసించింది. ఎగరదు. పట్టుకుంటే పెనుగులాడలేదు కూడా.

ఈయన సైటుకి పెట్టుకెళ్ళే హెల్మెట్‌లో దూది పరిచి పడుకోబెట్టాను. సాయంత్రం వచ్చి, "నా హెల్మెట్టు..." అని నోరు తెరిచారు. లోపలికి చూసి మూసుకున్నారు.

ఫిబ్రవరి 17

ఈయన పెరుగన్నం మెత్తగా పిసికి పిట్టకు పెట్టారు! ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ఈయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. పెళ్ళైన కొత్తలో నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడూ ఇదే. ముక్కు చివర మెతుకు అంటించుకుని పిట్ట మొహం తిప్పేసింది. "ఉప్పు తక్కువైందంటావా?" — నవ్వలేక చచ్చాను.

చక్కెర నీళ్ళు కలిపి, పెన్నులో ఇంకు పోసే ఫిల్లర్‌తో పట్టాను. కొత్త ఫిల్లరే. మొదటి రెండు చుక్కలూ కారిపోయాయి. తర్వాత దారంలాంటి నాలుక బయటికొచ్చింది. తాగింది. తాగింది!

ఫిబ్రవరి 18

సైరన్. పడకగదిలోకి పరుగు. కిటికీకి ప్లాస్టిక్ షీటు, చుట్టూ టేపు, తలుపు కింద తడి తువ్వాలు. విషవాయువు వదిలితే ఈ గదే దిక్కని కంపెనీవాళ్ళు చెప్పారు. మాస్కులు రెండే. ఈయన మాస్కు తగిలించుకుని హెల్మెట్ మీదికి వంగి, "భయపడకమ్మా, ఏం కాదు..." అంటున్నారు. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ఇరాక్ క్షిపణి మాటేమో గానీ, ఈయన అవతారం చూసే అది జడుసుకుని ఉంటుంది.

అంతా అయ్యాక మాస్కు తీసి, ఈయన కిటికీ చుట్టూ టేపును మళ్ళీ వేలితో నొక్కుకుంటూ వచ్చారు. చూడనట్టు ఊరుకున్నాను.

ఫిబ్రవరి 21

అరటిపళ్ళ మీద ముసిరిన చిన్న ఈగను పిట్ట టక్కున అందుకుంది. అయితే ఒట్టి చక్కెర నీళ్ళు చాలవన్నమాట! అందుకని ఇప్పుడు గదిలో అరటితొక్కలు కుళ్ళబెడుతున్నాం. ఈగలు పెరుగుతుంటే ఈయనకు ఎంత సంబరమో.

పక్కింటి షాహెదా వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. వాళ్ళది నిజామాబాద్, భర్త కంపెనీ బస్సు నడుపుతాడు. "ఏం వాసనక్కా ఇది! ఊరంత గ్యాస్‌కు భయపడ్తుంటె మీ ఇంట్లనే తయారైతున్నది!"

ఫిబ్రవరి 28

యుద్ధం ఆగింది. రేడియోలో విని నమ్మలేదు. బయట కార్ల హారన్లు విన్నాక నమ్మాను. షాహెదా సేమ్యా పాయసం తెచ్చింది. "ఇగ ఆ ప్లాస్టిక్ పీకి పారెయ్యిరి అన్నా." ఈయన — "చూద్దాంలే. రెండ్రోజులు పోనీ."

మార్చి 3

ఎగిరింది! మంచం మీంచి బీరువా మీదికి.

మార్చి 6

రెండ్రోజులు ఎప్పుడో అయిపోయాయి. ప్లాస్టిక్ అలాగే ఉంది. పొద్దున పిట్ట కిటికీలో వెలుగు చూసి దూసుకెళ్ళింది. దానికేం తెలుసు, మధ్యలో షీటుందని... కొట్టుకుని కింద పడింది. నా ప్రాణం పోయిందనుకో. ఈయన దోసిట్లోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయారు. చాలాసేపటికి కదిలింది.

"ఇప్పుడైనా తీసేద్దామండీ. కిటికీ తెరిస్తే అదే పోతుంది."

సాయంత్రానికి ఈయన చేసిన పని — ప్లాస్టిక్ నిండా పాత పేపర్లు అంటించేశారు. "ఇక కొట్టుకోదు." ఇంజినీరు బుర్ర! గదంతా చీకటి.

మార్చి 9

పిట్ట సరిగ్గా తాగడం లేదు. పగలంతా లైటు వేసి ఉంచినా అంతే. ఒళ్ళు ఉబ్బించుకుని ఒక మూల కూర్చుంటోంది. ఈగల వంక చూడదు. ఈ చీకట్లో ఉంటే చచ్చిపోతుంది. నాకు తెలిసిపోతోంది.

మార్చి 10

మిట్టమధ్యాహ్నం దీపాలు పెట్టుకున్నాం. ఉత్తరాన కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగంతా మా మీదే. ఆరేసిన తెల్లచీర మీద నల్లచుక్కలు. ఉతికినా పోలేదు.

"చూశావుగా సుధా. ఇందులోకి వదలమంటావా?"

ఆ చీర మళ్ళీ బకెట్లో ముంచాను.

మార్చి 12

పోట్లాట. అనకూడదనుకుంటూనే అనేశాను. "ఆ టేపు పిట్ట కోసం కాదు, మీ కోసం."

లేచి, ఊడుతున్న టేపు అంచు నొక్కారు. ఆ తర్వాత, గోడకేసి చూస్తూ — "ఆగస్టులో చాలామంది భార్యల్ని ఇండియా పంపేశారు. నువ్వు ఉంటానన్నావు. నేను సరేనన్నాను... సైరన్ మోగినప్పుడల్లా అదే. ఎందుకు సరేనన్నానా అని."

ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు ఈ మనిషి! పెరుగన్నం పిసకడం, మాస్కులో జోలపాడటం, ఇదంతా చేస్తూ లోపల ఇంత మోస్తున్నారా. కోపం ఎటు పోయిందో. ఈయనంటే నాకెంత ఇష్టమో ఇవాళ కొత్తగా తెలిసినట్టయింది.

"ఉంటానంది నేను. మీరేం కట్టిపడేయలేదు" అన్నాను.

ముక్కు చీదుకున్నారు. "దక్షిణం గాలి వీస్తే పొగ వెనక్కి ఉత్తరానికే పోతుంది. ఆ రోజు తీసేస్తా."

మార్చి 14

ఇంకా ఉత్తరం గాలే. పిట్ట పొద్దుట్నుంచి ఒక్కసారే తాగింది, అదీ రెండు చుక్కలు. ఈయన మాటిమాటికీ బయటికెళ్ళి వేలు తడిపి గాలిలోకి ఎత్తి చూస్తున్నారు. షాహెదా — "అన్నకేమైందక్కా? వేలు లేపుకొని తిరుగుతుండు..."

మార్చి 15, శుక్రవారం

నీలం! లేచేసరికి ఆకాశం నీలంగా ఉంది. గాలి తిరిగింది.

నేను గుర్తు చేయలేదు. ఈయనే స్టూలెక్కారు. పేపర్లు, షీటు, టేపు. టేపుతో పాటు గోడరంగు పెచ్చులూడింది. కిటికీ బిగుసుకుపోయి రాలేదు. భుజంతో గట్టిగా తోశారు.

గాలి. ఎన్నాళ్ళైంది ఈ గదిలో గాలాడి.

పిట్ట బీరువా మీదే. కదలదు. నేను ఫిల్లర్ చూపించబోతే ఈయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. తల ఇటూ అటూ తిప్పింది. మరుక్షణం మందార మీద ఉంది. అక్కణ్ణించి గోడ దాటి...

"ఒక్క మాటైనా చెప్పలేదు" అన్నారు ఈయన.

ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు. పొగ అని ఒకరికొకరం చెప్పుకున్నాం. పొగెక్కడుంది?

మార్చి 16

పొద్దున మందార మీద చూశానని ఈయన ఒట్టు పెడుతున్నారు. నేను చూడలేదు.

మూడింటికి మళ్ళీ ఉత్తరం గాలి మొదలైంది. నాలుగింటికే చీకటి. గదిలో పొగవాసన, దుప్పటి మీద మసి. నాకు దగ్గు ఆగడం లేదు.

"కిటికీ మూసెయ్యండి."

లేచారు. కిటికీ రెక్క మీద చెయ్యి వేశారు. లాగడం లేదు.

"అది తిరిగొస్తే?" అన్నారు.

తువ్వాళ్ళు రెండు తడిపి తెచ్చాను. ఈయన ముక్కుకొకటి, నాకొకటి. కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాను. మందార మొక్క కనిపించడం లేదు.