కరిఘట్టకు ఏడువేల వంద అడుగులు

ఆనేకల్,
2 నవంబర్ 2025

ప్రియమైన దేవదానానికి,

ప్రియమైన అన్న మాట ఉత్తరం మర్యాద కోసం రాశాను. ఆరేళ్ల తరువాత రాస్తున్నాను కాబట్టి మర్యాద తప్పకూడదనుకున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో కోపం మాట మధ్యలోనే చల్లారిపోతుంది. కాగితం మీద పెడితే అలాగే ఉంటుంది.

మా కోడలు అర్పిత పోయిన ఆదివారం ఆఫీసు స్నేహితులతో శ్రీరంగపట్నం వెళ్లింది. తెల్లవారకముందే మడివాళలో బస్సెక్కారట. ఎవరో పెద్దాయన కావేరి ఒడ్డున నడిపిస్తూ కోట కథలు చెబుతాడని మాత్రమే నాకు చెప్పింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది. "మామా, ఆ ఊర్లో ఆయనకి తెలీని రాయి లేదు. ఎంత బాగా చెప్తాడో. మీరూ ఒకసారి పోయి చూడాల" అంది. నన్ను, శ్రీరంగపట్నం చూడమని. అప్పుడు సంచిలోంచి నీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. 'కావేరి చుట్టూ పది దారులు.' అట్ట మీద నీ పేరు. లోపల "ఆనేకల్ ఇంటికి" అని నీ సంతకం.

దేవదానం, ఇరవై రెండేళ్లు నెలకొక ఆదివారం పొద్దున రైలెక్కి ఆ ఊరు వెళ్లింది మనిద్దరం. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ని, నువ్వు బడిలో చరిత్ర చెప్పేవాడివి. దారిలో నువ్వు కథలు చెప్పేవాడివి, నేను అడుగులు లెక్కపెట్టేవాణ్ని. ఎడమ జేబులో వంద చింతగింజలు. నూరు అడుగులకొక గింజ కుడి జేబులోకి. చేరాక కుడి జేబులో ఎన్నున్నాయో చూసి నోటుబుక్కులో ఎక్కించేవాణ్ని. ఎండలో నువ్వు మామిడి చెట్టు కింద కూర్చుని మీ మరియమ్మగారు కట్టిచ్చిన పులిహోర తింటుంటే నేను గింజలు ఎంచుకుంటూ ఉండేవాణ్ని. ముందుమాటలో నువ్వు రాసిందేమిటి? "ఒక మిత్రుడు తోడు వచ్చేవాడు." తోడు. నీ టిఫిన్ క్యారియర్ కూడా తోడు వచ్చేది.

పుస్తకం రెండు రోజులు పెన్సిల్ పట్టుకుని చదివాను. నలభై ఒక్క అచ్చుతప్పులున్నాయి, వాటి సంగతి వదిలెయ్. తొమ్మిది దారులకు నీ పొడుగు కాళ్ల లెక్క ఇచ్చావు. నాకు వెయ్యి అడుగులైతే నీకు ఎనిమిది వందల నలభై, మొదటినుంచీ అంతే. పదో దారి, కోట తూర్పు వాకిలి నుంచి కరిఘట్ట గుట్ట మెట్ల దాకా, 7,100 అడుగులన్నావు. నీ కాళ్లకు అది 6,200 దాటదు. ఆ 7,100 నాది. నా నోటుబుక్కులోది. పైగా అది తప్పు.

తప్పని నీకు తెలీదు. ఆ దారి నడిచిన రోజు ఇంటికొచ్చి రెండు జేబులూ సంచిలో ఒంపితే తొంభై ఏడు గింజలే ఉన్నాయి. కుడి జేబు అడుగున చిరుగు. మూడు గింజలు దారిలో జారిపోయాయి. అంటే అసలు లెక్క 7,400. నేను దిద్దలేదు. రాయప్ప లెక్క తప్పదని ప్రెస్సులో, బంధువుల్లో, రైల్లో చెప్పుకున్నవాణ్ని. దిద్దితే కొట్టివేత కనబడుతుంది. ఆ తప్పు లోకంలో నాకొక్కడికే తెలుసు. నువ్వా నోటుబుక్కు వారం రోజులకని అడిగి తీసుకెళ్లి తిరిగిచ్చావు. నడవకుండా ఎత్తి రాసుకున్నావు.

శ్రీరంగపట్నం గంజాంలో నది పక్కన అరుగున్న ఇల్లు ముందు చూసింది నేను. రిటైరయ్యాక అక్కడుంటానని నీతోనే చెప్పాను. నెల తిరక్కుండా నువ్వు బాడుగకు దిగావు. మన మాటలు ఆగింది అక్కడే. ఇల్లు అయింది, ఇప్పుడు అడుగులు. ఇంకా ఏం మిగిలిందో చెబితే కట్టి పంపుతాను.

జవాబు కోసం కాదు, నీకు తెలియడం కోసం రాశాను.

ఒకప్పటి నీ తోడు,
వెంకటరాయప్ప


గంజాం, శ్రీరంగపట్నం,
19 నవంబర్ 2025

ప్రియమైన రాయప్పకు,

ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, నాలుగు కాగితాలు చింపేశాను. మరియమ్మకు కవరు చూపిస్తే, "ఆయన చేతిరాత ఇంకా ముత్యాల్లాగే ఉందండీ" అంది. పెళ్లయి నలభై ఆరేళ్లు, నా చేతిరాత గురించి ఇంతవరకు ఒక్క ముక్క అనలేదు.

అచ్చుతప్పులు నలభై ఒకటి కాదు, నలభై మూడు. పన్నెండో పేజీ మళ్లీ చూడు.

7,100 నీ నోటుబుక్కులోదే. కాదనను. నడవకుండా రాశానన్నది మాత్రం నిజం కాదు. నువ్వు ఇక్కడికి రా, ఆ దారిలో నడుస్తూ చెబుతాను. ఇది కూర్చుని చెప్పే సంగతి కాదు.

నేను ఆనేకల్ రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ మీ హరీశ్ గుమ్మంలో నిలబడి నాన్న ఊళ్లో లేరన్నాడు. పాపం, ఆ అబ్బాయికి అబద్ధం ఆడటం రాదు. లోపల నీ దగ్గు వినబడింది. రెండోసారి దగ్గు ఎక్కువగా ఉంది, మందు వాడుతున్నావా?

నది ఈ వారం నిండుగా ఉంది. నువ్వు కూర్చునే మెట్టు మునిగింది.

నీ
దేవదానం


ఆనేకల్,
24 నవంబర్ 2025

ప్రియమైన దేవదానానికి,

పన్నెండో పేజీ చూశాను. రెండున్నాయి. ఆ పేజీ చదివేటప్పుడు కోపంలో ఉన్నాను.

నా దగ్గు సంగతి నీకెందుకు? నడిచానన్నావు, ఎలా నడిచావో చెప్పలేదు. రమ్మన్నావు. నేను ముందు చూసిన ఇంటికి నేను చుట్టంగా రావాలి, నా అరుగు మీద నువ్వు నాకు కాఫీ ఇవ్వాలి. అంత ఓపిక నాకు లేదు.

ఇప్పుడు నేను చెబుతాను, విను. డిసెంబర్ 14న అర్పిత స్నేహితులు మడివాళలో నీకు సన్మానం చేస్తున్నారని తెలిసింది. తెలియక ఏం చేస్తుంది, ఏర్పాట్లు నా ఇంట్లోనే జరుగుతున్నాయి. అర్పిత నా కళ్లముందే నీకు శాలువా ఎంచింది. ఏ రంగు బాగుంటుందని వాళ్ల అత్తని అడిగింది. ఛాయాదేవి, నా భార్య, ముప్ఫై ఎనిమిదేళ్లు నాతో కాపురం చేసి నా గింజల సంచి ఉతికిన మనిషి, "మెరూన్ తీసుకో అమ్మా, ఆయన తెల్లగా ఉండాడు కదా" అంది. ఆ పూట నేను అన్నం తినలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు.

రాత్రి భోజనాల దగ్గర అర్పిత ఫోన్లో ఫోటో చూపింది. కోట గోడ మీద నువ్వు, కింద ముప్ఫై మంది పిల్లలు నోళ్లు తెరుచుకుని. ఆ గోడకు ఆ చోట నదిగాలి తగులుతుందని కనిపెట్టింది ఎవరు? నువ్వు అంతకుముందు ఎండలో కూర్చునేవాడివి.

నాకు కుళ్లని ఇంట్లో గుసగుసలాడుకుంటున్నారు. గుసగుస ఎందుకు, గట్టిగానే అనొచ్చు. కుళ్లే. నువ్వు మాట్లాడితే జనం వింటారు. నేను అడుగులు లెక్కపెడితే పక్కనున్నవాడు నవ్వుతాడు. ఇరవై రెండేళ్లు అలాగే గడిచింది. ఇప్పుడు అది అచ్చులో కూడా పడింది.

14వ తారీఖు నేను వస్తున్నాను. నోటుబుక్కు తెస్తున్నాను. లేచి నిలబడి ఆ పేజీ, నీ పేజీ పక్కపక్కన పట్టుకుని చూపిస్తాను. అలా చూపించాలంటే నా లెక్క తప్పిందని కూడా చెప్పుకోవాలి. ఇన్నేళ్లు దాచుకున్నది నలుగురిలో చెప్పుకోవాలి. చెప్పుకుంటాను. నా పరువుతో పాటు నీది కూడా పోతుంటే నాకు చింత లేదు.

నీకు ముందే చెప్పడం నా మర్యాద.

వెంకటరాయప్ప


గంజాం,
5 డిసెంబర్ 2025

ప్రియమైన రాయప్పకు,

కవరు తెరిచేటప్పుడు జాగ్రత్త. లోపల చిన్న పొట్లంలో మూడు గింజలున్నాయి. నీవే.

ఆ రోజు నువ్వు ముందు నడుస్తున్నావు. నేను నీ వెనక పది అడుగుల దూరంలో ఉన్నాను. వాగు మీది వంతెన దాటాక నీ ప్యాంటు కాలి దగ్గర నుంచి ఏదో జారి పడింది. వంగి చూస్తే చింతగింజ. పిలుద్దామని నోరు తెరిచాను. పిలవలేదు. కాసేపటికి రెండోది పడింది. తీసి జేబులో వేసుకున్నాను. మూడోది మెట్ల కిందే.

ఎందుకు పిలవలేదో నీకు చెప్పాలి. ఆ రోజు పొద్దున మరియమ్మ పులిహోర కడుతూ, "రాయప్పగారిలా లెక్కగా ఒక్క పనైనా చేశారా మీరు?" అంది. వారానికి ఒకసారైనా అనేది. నా కథలు జనం వినేవాళ్లు, నిజమే. కానీ విన్నవాళ్లు పక్కకు తిరిగి నిన్ను అడిగేవాళ్లు, "అవునా సార్?" అని. నువ్వు తల ఊపితేనే నమ్మేవాళ్లు. నువ్వు ఒక్కసారి తప్పు చేస్తే చూడాలని ఉండేది. చూశాను. మెట్ల కింద నువ్వు గర్వంగా 7,100 అన్నావు. నేను బాగుంది అన్నాను.

ఇంటి సంగతి కూడా. నీకు నచ్చింది కాబట్టే తీసుకున్నాను. నేను ముందే చూశానని ఊళ్లో చెప్పాను. చూడలేదు. నీకు నచ్చిందంటే మంచిదే అయుంటుందని తీసుకున్నాను. వానాకాలం వెనక గది కారుతుంది, ఆ మాట నీకు కొంచెం సంతోషం కలిగిస్తుందని రాస్తున్నాను.

పుస్తకం కోసం ఆ దారి ఈ ఏడు మూడుసార్లు నడిచాను. ప్రతిసారీ 6,200కు అటూ ఇటూ. నువ్వు చెప్పినట్టే. అయినా 7,100 అని వేయించాను. నాలుగు ఉత్తరాలకు నువ్వు జవాబు ఇవ్వలేదు. ఇంటికొస్తే లేవని చెప్పించావు. ఆ ఆదివారం నడకలో అర్పిత తన ఊరు ఆనేకల్ అని, మామగారు ప్రెస్సులో పనిచేశారని చెప్పింది. పుస్తకం ఆమె చేతికిచ్చాను. నిన్ను పొగిడితే నువ్వు పలకవు. అచ్చులో తప్పు కనబడితే పలక్కుండా ఉండలేవు. నీతో అంతకాలం నడిచినవాడికి ఆ మాత్రం తెలుసు.

జనవరిలో రెండో ముద్రణ. అట్ట మీద రెండు పేర్లు వేస్తామన్నారు. నీ మాట లేకుండా వేయొద్దన్నాను. వేస్తే నోటీసు పంపుతావని నా భయం.

14న నేను రావడం లేదు. నేనుంటే నువ్వు సగం చెప్పి ఆపేస్తావు. నా బదులు నువ్వు మాట్లాడతావని అర్పితకు ఫోన్ చేసి చెప్పాను. నోటుబుక్కు తీసుకెళ్లు. ఈ ఉత్తరం కూడా తీసుకెళ్లి చదవాలనుకుంటే చదువు.

నీ వెనక నడిచినవాడు,
దేవదానం


ఆనేకల్,
15 డిసెంబర్ 2025

ప్రియమైన దేవదానానికి,

గింజలు అందాయి. పాత సంచిలో తొంభై ఏడే ఉంచుకున్నాను, వేరే గింజలు కలపలేదు. ఈ మూడూ వేసి లెక్కపెట్టాను. వంద. రెండోసారి కూడా వంద.

నిన్న మడివాళ వెళ్లాను. హాలుకి ఇరవై రెండు మెట్లు. నీ ఉత్తరం చొక్కా జేబులో ఉంది, నోటుబుక్కు చేతిలో. అర్పిత నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టింది. మైకు ఇచ్చారు. పుస్తకం అరవై రెండో పేజీ తీయమన్నాను. అందరూ తీశారు. "ఈడ ఒక తప్పుండాది. 7,100 కాదు, 7,400. ఆ తప్పు రాసినాయనది కాదు, నాది. నా జేబు చినిగింది" అన్నాను. అంతే అన్నాను. నీ ఉత్తరం తీయలేదు. నిన్ను కాపాడదామని కాదు. తీస్తే నువ్వే గొప్పగా కనబడతావు. తప్పు ఒప్పుకోవడంలో కూడా నువ్వు నన్ను మించడం నేను చూడలేను.

ఒక కుర్రాడు లేచి, అడుగులు ఫోనే లెక్కపెడుతుంది కదా తాతా అన్నాడు. "లెక్క జారిపోతే ఎనక నుంచి ఏరుకునేవాడు మీ ఫోన్లో ఉండాడా అప్పా?" అని అడిగాను. ఎవరికీ అర్థం కాలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు. నీకు కొట్టేటన్ని కాదు, ఎంచాను.

శాలువా నాకు కప్పారు. మెరూన్ నాకూ బాగానే ఉంది.

పేర్లు వేయించు. అకారాది క్రమంలో వేస్తే 'ద' ముందు, 'వ' తరువాత. అది కూడా నీకే కలిసొచ్చింది. వేరేలా వేయమని అడిగితే చిన్నతనంగా ఉంటుంది కాబట్టి అడగను. అచ్చుకు పోయే ముందు ప్రూఫులు నాకు పంపించు. నలభై మూడు తప్పులతో నా పేరు బయటికి పోకూడదు.

21వ తారీఖు ఆదివారం పొద్దున రైలుకి వస్తున్నాను. మీ ఇంటికి కాదు, నేరుగా కోట తూర్పు వాకిలికి. కాఫీ సంగతి తరువాత చూద్దాం. వెనక గది కారుతుందన్నావు, అది కూడా చూడాలి.

నడకలో ముందు నేనే. నువ్వు వెనక రా, పది అడుగుల దూరంలో. ఇప్పుడు వేసుకునే ప్యాంటుకి కూడా కుడి జేబు చినిగింది. ఛాయాదేవి సూది దారం పట్టుకుని కూర్చుంది. కుట్టొద్దన్నాను.

నీ
రాయప్ప