తెగిన లావు తీగ

కోడలమ్మా, గిటారు పెట్టె ఖాళీగా ఉందని కంగారుపడకు. గిటారును చేత్తో చేసిచ్చినాయన దగ్గరికే బాగుచేయించడానికి తీసుకెళ్తున్నాను. పాలు కాచి మూతపెట్టాను.

నువ్వు పనికి వెళ్లాక రోజూ దొంగతనంగా వాయిస్తున్నాను. ఇవాళ లావు తీగ వదులుగా కనబడితే, గోడకు దారం లాగినట్టు బిగించాను. తాపీ మేస్త్రీ చెయ్యి కదా, ఊరుకోదు. అది తెగి చెక్క మీద గీత పడింది. నీ బ్లూస్ దిగులు పాటలకు నువ్వే కావాలని వదులు చేస్తావని తర్వాత గుర్తొచ్చింది.

"ఆపమ్మా ఆ ఏడుపు" అని నువ్వు వాయిస్తుంటే కసిరింది ఈ మామయ్య నోరే. ముఖం చూపించలేకపోతున్నాను. అబ్బాయికి చెప్పకు.

బొటనవేలు లావు తీగను ఆగకుండా కొడుతుండాలని నువ్వు ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నాను. అది నాకు వచ్చేసింది. మిగతా వేళ్లకు నువ్వే నేర్పాలి. ఎదురుగా అడగలేను, సిగ్గు.