మేపుల్ తోటకి తప్పిన గండం

చెల్లీ ఆర్ఫా,

ఏడుపు ఆపు. మన మేపుల్ చెట్లు కొట్టెయ్యడం లేదు. మేపుల్ రసాన్ని పాకంగా కాచే కొట్టంలో దొరికిన తెల్లపురుగు పరదేశపు పెంకుపురుగు పిల్లేమోనని, అదే అయితే తోటంతా నరికేస్తారని హడలిపోయాం కదా! పురుగుల ఆఫీసరమ్మ దాన్ని కట్టెముక్కతో సహా సీసాలో పెట్టి పెంచింది.

"పిల్లప్పుడు రెండు జాతులూ ఒకేలా ఉంటాయి తాతా, రెక్కలొస్తేగానీ తేల్చలేం," అంది.

"మా చెల్లెలి మొగుడి సంగతీ పెళ్లయ్యాకే తేలిందమ్మా," అన్నాను. కోప్పడకు.

నిన్న రెక్కలొచ్చాయి. అవి మొదలయ్యే చోట తెల్లచుక్క ఉంది, అంటే మన అడవి పురుగే! పొయ్యిలోకి తెచ్చిన పైన్ కట్టెల్లో వచ్చిందట, మేపుల్ జోలికే పోదట.

నేనేమో ఒక్కో చెట్టునీ కావలించుకుని వీడ్కోలు చెప్పేశాను. ఇప్పుడు రసం కోసం వాటికే చిల్లులు పొడిచి గొట్టాలు దిగ్గొట్టాలంటే మొహం చెల్లడం లేదే!

మీ అన్నయ్య