గీత దగ్గర నిలబడ్డవాడు

18 జనవరి 1968, గురువారం

పెనుకొండలో గెలిచాం. కాలేజీల చెడుగుడు సెమీఫైనల్. ఈరన్న ఒక్క కూతలో నలుగురిని కొట్టి వచ్చాడు. కూత తెగలేదు, రొప్పు కూడా లేదు. ఓడిన కాలేజీ మేనేజరు చేయి కలపకుండానే వెళ్లిపోయాడు. ఆటల కమిటీ కార్యదర్శిగా నాకిది మొదటి గెలుపు. ఫైనల్ ధర్మవరంలో, ఒకటో తేదీన. బస్సులో పిల్లలు హిందూపురం దాకా పాడుతూనే ఉన్నారు. నా గొంతు కూడా పోయింది.

22, సోమవారం

పెనుకొండలో ఓడిన కాలేజీ నుంచి ఫిర్యాదు వచ్చింది. ప్రిన్సిపల్ చదివి నా ముందుకు తోశారు. మీ ఈరన్న కిందటి నెల అమరాపురం దగ్గర తన ఊరి జాతరలో చెడుగుడు ఆడి పొట్టేలును బహుమతిగా గెలిచాడు, బహుమతికి ఆడినవాడు కాలేజీ జట్టులో ఉండకూడదు — రూలు నంబరుతో సహా రాశారు. ఆ రూళ్లు జూన్‌లో నోటీసు బోర్డు మీద నా చేత్తో రాసి అంటించినవే.

ఉత్తరంలో ఒక్కటి లేదు. ఆ ఆటకు తీర్పరి ఎవరో.

నేనే. జాతరకు రండి సార్ అని ఈరన్న పిలిస్తే వెళ్లాను. పెద్దలు నన్ను తీసుకుపోయి గీత దగ్గర నిలబెట్టారు. "సదువుకున్న అయ్యవారు. గీత కాడ అబద్ధం చెప్పడు" అని ఓ ముసలాయన అందరికీ వినబడేలా అన్నాడు. పొంగిపోయాను, ఒప్పుకోవాలి.

ఆ ఊరి వాడుక ఏమిటంటే, గెలిచినవాడు పొట్టేలును ఇంటికి తోలుకుపోడు. అక్కడే అమ్మవారికి కోసి ఊరంతా పంచుకుంటారు. తలకాయ మాత్రం గీత దగ్గర నిలబడ్డవాడికి. వద్దనకూడదట. సంచిలో పెట్టి, బస్సులో ఒళ్లో ఉంచుకొని, మా గడప దాకా మోసుకొచ్చింది ఈరన్నే. మర్నాడు పరీక్ష ఉందని వంట కాకముందే బయల్దేరాడు, ఊళ్లో ఒక్క ముక్క కూడా ముట్టలేదు. తిన్నది నేను. రూలు ఆ రోజు తట్టనే లేదు.

23, మంగళవారం

రూళ్ల పుస్తకం తీశాను. అదే రూలు కింద చిన్న అక్షరాల్లో — కాలేజీ అధ్యాపకుడి ఎదుట, ఆయన అనుమతితో ఆడితే ఆటగాడికి శిక్ష లేదు, జవాబు చెప్పుకోవాల్సింది అధ్యాపకుడు.

పదిసార్లు చదివాను. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మార్చిలో ప్రిన్సిపల్ బల్ల మీదికి వస్తుంది.

24, బుధవారం

విచారణ. ప్రిన్సిపల్, ఫిజికల్ డైరెక్టరు, నేను. ఈరన్న చెప్పులు బయట విడిచి వచ్చాడు, గుడికి వచ్చినట్టు.

పొట్టేలు నిజమేనా అంటే నిజమేనన్నాడు. రూలు తెలుసా అంటే బోర్డు మీద చదివానన్నాడు. పొట్టేలు అమ్మవారిది కదా, నాది ఎట్లవుతుందనుకున్నానన్నాడు. అప్పుడు ఫిజికల్ డైరెక్టరు అడిగాడు — తీర్పరి ఎవరు?

"ఎవురో ఊరి పెద్దాయన సార్. పేరు తెలీదు."

నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని ఆ జవాబును మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాను. ఒక్క కొట్టివేత కూడా లేదు. అదే ఇప్పుడు భయంగా ఉంది.

25, గురువారం

తీర్పు. ఏడాది పాటు ఆటకు దూరం. ఆటగాడిగా దొరికిన ఉచిత హాస్టల్ సీటు రద్దు. పది రోజుల్లో కొత్త సాక్ష్యం వస్తే మళ్లీ విచారణ. వాడిని తీసేస్తే చాలని, జట్టు ఫైనల్ ఆడవచ్చని టోర్నమెంటు వాళ్లన్నారు.

ప్రిన్సిపల్ రెండేళ్లన్నారు. నేను వాదించి ఒక ఏడాది చేయించాను. ఎంత దయ... సంతకాలు మూడు. మూడోది నాది. కంచే చేను మేయడం అంటే ఇదే.

26, శుక్రవారం

జెండా వందనం. ఈరన్న జట్టు వరుసలో లేడు. వెనక, గోడ పక్కన. మిఠాయి తీసుకోకుండా వెళ్లిపోయాడు.

29, సోమవారం

ఈరన్న నాయన వచ్చాడు. భుజాన గొంగడి. గొర్రెల్ని తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడట. లోపలికి రమ్మంటే రాలేదు, అరుగు మీదే కూర్చున్నాడు. కొడుకు చదువు మానేస్తానంటున్నాడని చెప్పాడు. హాస్టల్ లేకపోతే ఈ ఊళ్లో వాడిని పెట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. సాయం అడగడానికి వచ్చాడనుకున్నాను. కాదు.

"మీరు అడ్డం పడబట్టి ఒక ఏడాదితో పోయిందంట సామీ. మీరు గీత కాడ నిలబడిన సంగతి మా ఊర్లో ఎవురూ నోరెత్తరు. మావోడు ఇల్లిల్లూ తిరిగి చెప్పి పెట్టినాడు."

చేతులెత్తి మొక్కాడు. ఏం చేయాలో తెలియక నేనూ మొక్కాను.

నా కోసం ఒక ఊరు ఊరంతా అబద్ధానికి సిద్ధమైంది. అబద్ధం చెప్పడని నన్ను నిలబెట్టిన ఊరు.

మజ్జిగ గ్లాసు తీసుకొచ్చిన సుభద్ర వాకిట్లోనే నిలబడిపోయింది. పెద్దాయన వెళ్లాక అంది — "తలకాయ వండింది నేను. నన్నెవురూ అడగలే. అడిగింటే చెప్పేదాన్ని." పదేళ్ల కాపురంలో ఆమె ముందు ఇంత సిగ్గుపడలేదు.

30

రాయబుద్ధి కావడం లేదు.

1 ఫిబ్రవరి, గురువారం

ధర్మవరం. ఓడాం. చివరి ఆటలో మా పిల్లవాడి కాలు గీత దాటింది. తీర్పరి చూడలేదు. వాడే చేయెత్తి బయటికి నడిచాడు. ఎందుకురా అంటే, ఈరన్న అట్లే నేర్పించాడని చెప్పాడు. రైల్లో ఎవరూ పాడలేదు.

2, శుక్రవారం

ప్రిన్సిపల్‌కు ఉత్తరం. మొదటిది నాలుగు పేజీలు — జాతర, ఆచారం, అమ్మవారు, నా ఉద్యోగం. చించాను. రెండోది ఒక పేజీ. అందులో 'పరిస్థితుల వల్ల' అని ఉంది. చించాను. మూడోది ఒక్క వాక్యం. సుభద్ర చదివి, కవరు తెచ్చి ఇచ్చింది.

3, శనివారం

గడువుకు చివరి రోజు. ప్రిన్సిపల్ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపల ఎవరో ఉన్నారు, ఆగమన్నారు. ఎదురుగా నోటీసు బోర్డు, నా చేతిరాత.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. ఈరన్న ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. మడకశిర బస్సుకు ఇంకా పావుగంట. నేను వచ్చేటప్పుడు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆగురా అందామనుకున్నాను. అనలేదు. లోపల నిజం చెప్పకుండా, వాడికి ఆగమని చెప్పే హక్కు నాకు లేదు.

జేబులో కవరు. 'ఆ రోజు గీత దగ్గర నిలబడింది నేనే.'

తలుపు తీశారు. ప్యూను నా పేరు పిలుస్తున్నాడు. రోడ్డు మీద బస్సు హారను కూడా —