లొరెట్టా నిలబడ్డ వరుస

వాషింగ్టన్,
మంగళవారం సాయంత్రం

ప్రియమైన గస్,

లొరెట్టా పోయిన రోజు మేమిద్దరం బఫలో విమానాశ్రయంలో తనిఖీ వరుసలో ఉన్నాం. టాంపాలో ఆమె చెల్లెలి కూతురి పెళ్ళి. పెళ్ళికని కొన్న టోపీ పెట్టెలో నలుగుతుందని చేత్తో పట్టుకుంది. వరుస మెల్లగా కదులుతోంది. "వారెన్, కాస్త ఉండు" అంది. పడిపోయింది. అంబులెన్సులోనే ప్రాణం పోయింది.

ఇంతవరకూ నీకు తెలుసు. రేపు చట్టసభ కమిటీ ముందు నేను చదవాలని నువ్వు రాసిచ్చిందీ ఇదే. ఇన్నేళ్ళు ఊరిని కాపాడిన పోలీసు సార్జెంటు, నా భార్య, మామూలు వరుసలో నిలబడి నిలబడి గుండె ఆగి చనిపోయింది. విమానాశ్రయాల్లో పోలీసులను ఫీజు లేకుండా, వేరే వరుసలో త్వరగా తనిఖీ చేసి పంపాలనే చట్టం అప్పటికే ఉండివుంటే బతికేది.

ఆ కాగితం ఇచ్చిన రోజు మా వంటింట్లో నువ్వన్నావు: "మాస్టారూ, నేను చెబితే 'పోలీసోడు తన లాభం చూసుకుంటున్నాడు' అంటారు. నువ్వు చెబితే ఒక్కడూ నోరెత్తడు. కాకపోతే బళ్ళో కెమిస్ట్రీ చెప్పినట్టు చెప్పకు, నిద్రపోతారు." నవ్వాను. ఆమె పోయాక అదే మొదటిసారి. సరేనన్నాను కూడా.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆమె పడిపోవడానికి కాస్త ముందు, తనిఖీ చేసే ఒకావిడ లొరెట్టాను గుర్తుపట్టింది. "సార్జెంటమ్మా! మీరేంటి ఇక్కడ? ఇటు రండి, నిమిషంలో పంపించేస్తా" అంది. మా ముందు ఒక తల్లి, చంకలో ఒక పిల్లాణ్ణీ, పిల్లల బండిలో ఇంకొకణ్ణీ పెట్టుకుని నిలబడి ఉంది. "నన్నెందుకమ్మా? ఈమెను పంపు. ఆ చంటాడు ఇంకాసేపు ఇక్కడే ఉంటే మనందర్నీ అరెస్టు చేసేలా ఉన్నాడు" అంది లొరెట్టా. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ తల్లి వెళ్ళిపోయింది. మేం ఉండిపోయాం.

ఇంట్లో సోఫాలో కూర్చుని ఉన్నా అదే జరిగేదని డాక్టరు చెప్పాడు. నమ్మలేదు. వరుస మీద కోపం పెట్టుకుంటే రోజు గడుస్తోంది, గస్. ఆ కోపం తీసేస్తే ఆమె లేదన్నదొక్కటే మిగులుతుంది. అందుకే నీ కాగితం నాకు అంత నచ్చింది.

ఈ మధ్యాహ్నం దాన్ని అద్దం ముందు చదువుకున్నాను. అందులో ఉన్నది, ఎవరూ దారి ఇవ్వక చచ్చిపోయిన ముసలావిడ. నువ్వు అన్నేళ్ళు పోలీసు కారులో పక్కన కూర్చుని తిరిగిన మనిషి కాదు.

ఆ చట్టపు బిల్లుకు నేను అడ్డం కాదు. ఖైదీలను, సాక్షులను తీసుకురావడానికి విమానాల్లో తిరుగుతూ మీరు పడే తిప్పలు ఇంట్లో ఉండి చూసినవాణ్ణి. బిల్లు కావాలనే చెబుతాను. ఆమె అందుకే చనిపోయిందని మాత్రం చెప్పలేను. బిల్లు ఓడిపోతే మీవాళ్ళంతా నన్నే అంటారు. నువ్వూ అంటావేమో. ఆమె పోయాక కూడా ఆదివారాలు మా ఇంటికి వస్తున్నది నువ్వొక్కడివే.

నువ్వు భోజనానికి హోటల్ కింది అంతస్తుకి వెళ్ళావు. ఈ ఉత్తరం నీ గది తలుపు కింద పెడుతున్నాను. రేపు ఉదయం ఆ తలుపు తడతాను. తెరిస్తే కలిసి వెళదాం. తెరవకపోతే ఒక్కణ్ణే వెళ్ళి, లొరెట్టా తన వంతు ఎవరికిచ్చిందో కమిటీకి చెబుతాను.

నీ
వారెన్